మన తుపాను - హిమవంతుని మంచు



నేడు నేను మాటాడదలచిన విషయము హిమాలయములలో మంచు జారిపడుటను గూర్చియు, ఆ మార్గముల నడచువారు వహింపవలసిన జాగ్రత్తలను గూర్చియు. విజయనగరము, శ్రీకాకుళము సీమలవారమైన మనకు మంచనిన మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున పొలములపై కమ్ముకొను పొగమంచేగాని వేరొకటి తెలియదు. మన యూళ్లలో చెరువునీరు గడ్డకట్టిన దినము లేదు. అట్టి మనకీ ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. అందులకు మూడు కారణములు చెప్పెదను.

మొదటిది, మన గ్రామములనుండి సైన్యమున చేరిన యువకులు పెక్కండ్రు. వారిలో కాశ్మీరము, లడఖు, సిక్కిము సరిహద్దులలో మంచుకొండలపై కాపలా కాయువారు కలరు. రెండవది, ఏటేట మనవారు బదరీ కేదారములకును, కొందరు సాలగ్రామశిలలకు నెలవైన గండకీనదీ ప్రాంతమున ముక్తినాథమునకును యాత్రలు పోవుచున్నారు. ఇటీవల చదువుకొన్న పిల్లలు వినోదార్థము మంచుకాలముననే ఆ కొండలెక్కబోవుటయు కలదు. మూడవది వినుటకు వింతగ నుండును. మన తీరమున తాకిన తుపానే యొకప్పుడు అచట మంచై కురిసి ప్రాణములు తీసినది. ఆ కథతోనే ప్రారంభింతును.

అంతకుముందొక మాట. మనుచరిత్రమున ప్రవరాఖ్యుని కథ మీరందరు నెరిగినదే. సిద్ధుడొసగిన పాదలేపము మహిమచే నతడు క్షణములో హిమవత్పర్వతము చేరెను. చేరుట సులభమైనది, మరలివచ్చుటయే దుర్ఘటమైనది. మంచునీటి తడికి లేపము కరగిపోయెను. ఈ కథలో లోకజ్ఞానమొకటి యున్నది. రైలును, విమానమును, మోటారుబండియు నేటి పాదలేపములు. బొబ్బిలిలో బండి యెక్కినవాడు నాలుగైదు దినములలో మంచుకొండ క్రింద నిలువగలడు. అచటికి కొనిపోవు సాధనములు మన చేతిలోనివి. తిరిగి రానిచ్చుట మాత్రము మంచు చేతిలోనిది.

ఇక 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేది ఆదివారము మాట. ఆనాటి మధ్యాహ్నమున హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము కడ తీరము దాటెను. గాలివేగము గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల నుండెను. కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు నేలకొరిగెను. విద్యుత్ స్తంభములు పడిపోయి దినములకొలది దీపము లేని యూళ్లు మన జిల్లాలలో నెన్నియో యుండెను. అయినను ముందుగ హెచ్చరిక వచ్చుటచేతను, లక్షకు మించిన జనులను ముందుగనే తీరమునుండి తరలించుటచేతను, అంత పెనుగాలికి పోవలసిన ప్రాణములు పోలేదు.

గాలి వెలిసిన పిమ్మట తుపాను పోయినదని మనమనుకొంటిమి. పోయినది గాలి బలమే. మేఘములలోని నీరు పోలేదు. అది ఛత్తీసుగఢము మీదుగ నుత్తరమునకు సాగి, పడమటినుండి వచ్చుచుండిన చల్లని వాయుద్రోణితో కలిసి, రెండు దినములలో నేపాళదేశపు హిమాలయములను చేరెను. ఎత్తునకు పోవుకొలది గాలి చల్లబడునని మీరెరుగుదురు. వేయి మీటర్లకు ఇంచుమించు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. మన శ్రీకాకుళపు సరిహద్దున నున్న మహేంద్రగిరి యెత్తు 1,501 మీటర్లు. నేపాళమున థొరంగ్ లా యను కనుమ యెత్తు 5,416 మీటర్లు. అనగా మహేంద్రగిరికి మూడున్నర రెట్లకు పైమాట. సముద్రతీరముకన్న నచట 35 డిగ్రీలు చల్లన. కాబట్టి మనకు వానయైనది వారికి మంచైనది.

ఇందు గమనింపవలసిన లెక్క యొకటి కలదు. ఒక సెంటీమీటరు వాననీరు క్రొత్తమంచుగ పడినచో సుమారు పది సెంటీమీటర్ల మందమగును. పది సెంటీమీటర్ల వాన మన తుపానులలో వింత కాదు. అదే మంచైనప్పుడు మీటరెత్తు పేరుకొనును. గాలి తోలినచోట మనిషి నిలువెత్తగును. అచట జరిగిన దదియే.

అక్టోబరు మాసము ఆ కొండలలో నడకకు మేలైన కాలము. వానలు వెనుకబడి యాకాశము నిర్మలముగ నుండును. అన్నపూర్ణా శిఖరములచుట్టు తిరుగు బాటలో దేశదేశముల యాత్రికులు వందలకొలది యుండిరి. ఆ బాట థొరంగ్ లా కనుమ దాటి ముక్తినాథక్షేత్రమునకు దిగును. 14వ తేది వేకువకే మంచు కురియుచుండెను. కొందరు బసలలో నిలిచిపోయిరి. కొందరు నేడు దాటనిచో వెనుకబడుదుమని బయలుదేరిరి. కనుమ నెత్తిన నొక చిన్న టీ దుకాణము కలదు. పైకి చేరినవారు దానిలో దూరిరి; చోటు చాలలేదు. దిగువకు పోయినచో బ్రతుకుదుమని పెక్కండ్రు బయటికి నడచిరి. ఆకాశము తెలుపు, నేల తెలుపు, మధ్యనున్న గాలియు తెలుపు. ముందు నడచువాని వీపు కానరాదు. బాట తప్పినవారు, చలికి కూలినవారు, మంచుచరియల క్రింద పూడినవారు నందు కలరు. ధవళగిరి మూలశిబిరము కడను మంచుచరియ విరిగిపడెను. నేపాళీయులు, భారతీయులు, ఇజ్రాయెలు, కెనడా, పోలండు, స్లొవాకియా దేశీయులు మొత్తము 43 మందికి తక్కువ కాకుండ మరణించిరి. ఆ చిన్న దుకాణముననే యొదిగి రాత్రి గడపి బ్రతికి బయటపడినవారును కలరు.

ఆలోచింపుడు. తుపాను వచ్చుచున్నదని మన బెస్తపల్లెలలో పసిపిల్లలకును తెలిసియుండెను. ఆ తుపాను నీటినే మోసికొనిపోయిన మేఘముల వార్త, రెండు దినముల వ్యవధి యుండియు, ఆ కొండబాటలోని యనేకులకు చేరలేదు. అచట చంపినది మంచు మాత్రము కాదు. వార్త చేరకపోవుటయు, చూచుచున్న మంచును లెక్కచేయక బయలుదేరుటయు దానికి తోడైనవి.

ఇక మంచు జారుట యెట్లో చెప్పెదను. కొండవాలుపై పేరుకొన్న మంచు ఒక్కపెట్టున విడివడి దొరలివచ్చుటకు హిమప్రపాతమని పేరు. మంచుచరియ విరిగిపడుట యని వాడుక. ఇందు రెండు ముఖ్యభేదములు. మొదటిది, పొడిమంచు ఒకచోట మొదలై విసనకఱ్ఱవలె వెడల్పగుచు జారునది. కళ్లములో ధాన్యపురాశి నుండి గింజలు జారుట చూచియున్నారు గదా, అట్టిది. రెండవది యంతకన్న ప్రమాదకరమైనది. పైపొర యొక పలకవలె గట్టిపడియుండును. దాని క్రింద బలము లేని పొర యొకటి దాగియుండును. ఆ క్రిందిపొర నలిగినచో పలక యంతయు వాలుకడ్డముగ చీలి, ముక్కలై యొకేసారి కదలును.

దీనిని మీ యింటనే చూడవచ్చును. ఒక పీటమీద చోళ్లు పలుచగ పరచి, వానిపై నొక పలక నుంచుడు. పీట నొకప్రక్క మెల్లగ నెత్తుడు. కొంతవరకు పలక కదలదు. ఒక వాలు రాగానే, లేదా వ్రేలితో కొంచెము తాకగానే, పలక సాంతము జారిపోవును. హిమాలయమున ఆ చోళ్లు ఎక్కడివన, మంచులోపల తీవ్రమైన చలిచే క్రిందిపొర చక్కెరవలె పలుకులు గట్టును. నిర్మలమైన రాత్రులలో పైభాగమున తుషారము పూరేకులవలె మొలచును. దానిమీద మరల మంచు కురిసినప్పుడు అవియు చోళ్ల పనియే చేయును. వ్రేలితో తాకుట యెవరిపని యన, సాధారణముగ నది ఆ వాలుపై నడుగిడిన మనుష్యునిదే. చరియలో చిక్కినవారిలో పదింట తొమ్మిదిపాళ్లు తామో, తమ తోడివారో మంచును కదిలించుకొన్నవారేయని పరిశోధకులు తేల్చియున్నారు. ఆకాశమునుండి పిడుగు పడినట్లు పడునది కాదు. కాలితో మనము పిలిచిన మృత్యువు.

అన్ని వాలులు నిట్లు జారవు. సమతలమున మంచు నిలుచును. నిట్టనిలువు కొండపై మంచు నిలువనే నిలువదు, ఎప్పటికప్పుడు రాలిపోవును. ఇంచుమించు 30 మొదలు 45 డిగ్రీల వాలు కలచోట ప్రమాదము మెండు. అనగా మన పెంకుటింటి కప్పువాలు దాటినది మొదలు తాటాకుటింటి కప్పువాలు వరకనుకొనుడు. నడచుటకు వీలుగ, చూచుటకందముగ నుండు వాలులే యివి. ఇదియే మోసము. తాను నిలిచినచోటు సమతలమైనను, తలపై నట్టి వాలున్నచో ప్రమాదము తప్పదు.

ప్రమాదమును పెంచునవి మూడు. ఒకటి, కొద్దికాలములో నెక్కువ మంచు పడుట. దినములో ముప్పది సెంటీమీటర్లు పడెనా, అనుమానింపవలసినదే. రెండు, గాలి. గాలి యొకవైపు మంచునెత్తి కొండశిఖరము దాటించి చాటువైపు పోయును. చాటువైపు గాలి లేదు గనుక సుఖమని బాటసారి యనుకొనును. గాలి తెచ్చిన పలకలన్నియు నచటనే యుండును. మూడు, హఠాత్తుగ వేడెక్కుట. ఎండ కాచినను, మంచుపై వాన పడినను, పొరల పట్టు సడలును. అందుచేతనే కొండలెరిగినవారు తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదురకముందే వాలు దాటెదరు.

మంచు తానే కొన్ని సంకేతములు చేయును. సమీపవాలులలో క్రొత్తగ చరియలు పడిన జాడలుండుట మొదటి సంకేతము. అడుగిడినప్పుడు లోపల డొల్లగ 'ధుమ్ము'మని చప్పుడై మంచు కొంచెము క్రుంగుట రెండవది. పాదమునుండి బీటలు దూరముగ ప్రాకుట మూడవది. ఈ మూటిలో నొక్కటి కనబడినను వెనుకకు మరలుటయే విద్య. అట్టిచోట ధైర్యమను మాటకు తావు లేదు.

తప్పనిసరిగ నట్టి వాలు దాటవలసివచ్చినచో నందరు నొక్కసారి దాటరాదు. ఒక్కొక్కడే పోవలెను, తక్కినవారు భద్రమైనచోట నిలిచి వానినే చూచుచుండవలెను. ప్రతివాని యొద్దను మూడు వస్తువు లుండవలెను: పూడినవాని జాడ తెలుపు చిన్న రేడియో యంత్రము, మంచులో గ్రుచ్చి వెదకు సన్నని పొడుగుకఱ్ఱ, తవ్వుటకు పార. యంత్రముండి పారలేనివాడు బావియుండి చేద లేనివానివంటివాడు. ఏలయన, జారునప్పుడు నీటివలె ప్రవహించిన మంచు ఆగిన క్షణమున గచ్చువలె బిగియును. చేతులతో తవ్వబూనిన వశము కాదు. పూడినవాడు తన చేతిని కదల్పజాలడు. పది నిమిషములలో వెలికితీసినచో పదిమందిలో తొమ్మండుగురు బ్రతుకవచ్చును. అరగంట దాటినచో మువ్వురిలో నొకడు బ్రతుకుట గగనము. దూరమునుండి సహాయము వచ్చువరకు ఆగునది కాదు ప్రాణము. కాబట్టి తోడివారే వైద్యులు, తోడివారే రక్షకులు. ఒంటరిగ పోరాదనుటకు కారణమిదియే. చరియలో చిక్కినవాడు బరువులు వదలి, ప్రక్కకు తప్పుకొన యత్నించి, ఆగబోవునప్పుడు ముఖమునకు ముందు చేయి యడ్డుపెట్టి యూపిరికి కొంత చోటు చేసికొనవలెను.

ఇదంతయు దూరపుమాట యనుకొనవలదు. విజయనగరమునకు చేరువనున్న కోరుకొండ కోటలో 1962లో స్థాపింపబడిన సైనికపాఠశాల మీరెరిగినదే. ఆ పాఠశాలలో చదివిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావుగారు 1985లో మన సైన్యము పంపిన ఎవరెస్టు యాత్రలో ప్రాణము కోల్పోయిరి. ఆయన స్మృతిచే ప్రేరితుడై కొండల నాశ్రయించినవాడు అదే పాఠశాల విద్యార్థి, నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు. ఆయన 2006లో 172 దినములలో ఏడు ఖండముల యెత్తైన శిఖరములనెక్కి ఘనకీర్తి నార్జించెను. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములపై వాతావరణము చెడి తిరిగి రాలేదు. ఇరువురు నేర్పరులు, ధీరులు. మంచు వారి నేర్పును చూచి వెనుదీయలేదు. కొండ యెవ్వరికిని లోబడునది కాదని గ్రహింపవలెను.

2016 ఫిబ్రవరి 3వ తేదిని సియాచిన్ హిమానీనదముపై 19,600 అడుగుల యెత్తున నున్న సైనికస్థావరముపై మంచుగోడ విరిగిపడి, మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది జవానులు పూడిపోయిరి. వారిలో మన రాష్ట్రపు కర్నూలు జిల్లావాడొకడు. ఆరు దినముల పిమ్మట హనుమంతప్ప యను కన్నడవీరుని సజీవునిగ వెలికితీసిరి. దేశమంతయు వాని కొరకు ప్రార్థించెను. కాని ఫిబ్రవరి 11వ తేదిని ఆయనయు కన్నుమూసెను.

బదరీక్షేత్రమునకు పైన మాణా యను గ్రామము కలదు. 2025 ఫిబ్రవరి 28వ తేది తెల్లవారుజామున నచట రహదారి పనివారి బసపై మంచుచరియ పడెను. చిక్కిన 54 మందిలో 46 మందిని రక్షించిరి. 8 మంది మరణించిరి. ఇనుపపెట్టెలవంటి గదులలో నుండుటచే పెక్కండ్రు బ్రతికిరి. ఈ విషయమున మీరు గుర్తుంచుకొనవలసినది, చండీగఢమునందలి రక్షణపరిశోధనసంస్థవారు ముందునాటి సాయంకాలమే ఆ జిల్లాలకు మంచుచరియల హెచ్చరిక వెలువరించియుండిరి. వార్త పుట్టుట వేరు, వార్త చేరుట వేరు, చేరిన వార్తను మన్నించుట వేరు.

ఆ హెచ్చరికలు ఒకటి మొదలు ఐదు మెట్లుగ నుండును. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో నెగురవేయు ప్రమాదసూచికల వంటివే యివి. నాలుగవ, ఐదవ మెట్లనిన నెవ్వరును కదలరు. మూడవమెట్టనగనే, ఐదింట మూడు గదా, నడిమితరగతి యని తేలికగ తలచెదరు. పాశ్చాత్యదేశములలో మంచుచరియలవలని మరణములలో పెక్కు ఆ మూడవమెట్టునాటివే. మూడనిన నడిమిది కాదు; మనుష్యుడు తాకినచో జారుటకు సిద్ధముగ నున్నదని యర్థము.

మన పూర్వులకీ యంత్రములు లేవు, అయినను వివేకముండెను. మంచుకాలము రాగానే బదరీ కేదారముల తలుపులు మూసి, ఉత్సవమూర్తులను జోషిమఠము, ఊఖీమఠము ప్రాంతములకు దింపి, వైశాఖమున మరల తెరచు నాచారము నేటికిని సాగుచున్నది. స్వామియే మంచుకాలమున క్రిందికి దిగివచ్చుచుండగా, భక్తుడు పైకి పోవుదునని పట్టుపట్టుట భక్తి యనిపించుకొనదు.

ఇక గ్రామపెద్దలైన మీకు నా విన్నపము. మాఘఫాల్గుణములు మనకు పెండ్లిండ్ల కాలము. సరిగా నవే మాసములు హిమాలయములలో మంచుచరియల కాలము. చెల్లెలి పెండ్లియనియో, తండ్రి యాబ్దికమనియో సెలవుపై బయలుదేరు జవాను కనుమలు మూసియున్నచో క్రింది శిబిరమున దినములు గడపవలసివచ్చును. అప్పుడు ఇంటినుండి, "ముహూర్తము దాటిపోవుచున్నది, ఎట్లయిన రమ్ము" అని మాటిమాటికి పిలిచినచో వాని మనస్సు నిలువదు. మంచులో తొందరకన్న శత్రువు లేదు. "బాట తెరచిన పిమ్మటనే రా నాయనా, నీవు వచ్చినదే మాకు ముహూర్తము" అని తల్లిదండ్రులచే చెప్పించుడు. వీలైనచో ముహూర్తము నిశ్చయించునప్పుడే ఆ సంగతి యోచింపుడు.

యాత్రకు పోవువారిని మూడు ప్రశ్నలడుగుడు. వాతావరణవార్త దినదినము తెలిసికొను నేర్పాటున్నదా? ఆ ప్రాంతపు మార్గదర్శకుడు వెంటనున్నాడా? ఆలస్యమైనచో నిలుచుటకు రెండు మూడు దినముల వ్యవధియు, సొమ్మును చేతనుంచుకొన్నారా? ఈ మూడవదియే ముఖ్యము. తిరుగుబండి చీటి ముందుగ కొని దినములు లెక్కపెట్టుకొనువాడే మంచులో దిగును. చాలినంత వ్యవధి గలవాడు బసలో నిలుచును.

చివరిమాట. మధ్యనుండి మరలివచ్చిన యాత్రికుని చూచి, "ఇంతదూరము పోయి దర్శనము లేకయే వచ్చితివా" యని రచ్చబండకడ నెవరైన పరిహసించినచో, ఆ పరిహాసమును మీరు మాన్పింపవలెను. ఆ నవ్వుకు వెరచియే పెక్కండ్రు ముందడుగు వేసెదరు. గాలివాన సూచన చూచి పడవ నొడ్డునకు త్రిప్పిన బెస్తను మన తీరమున పిరికివాడని యెవ్వరు ననరు, తెలిసినవాడందురు. మంచుసూచన చూచి మరలినవానికిని ఆ గౌరవమే చెల్లవలెను. మ్రొక్కు మరుసటి యేడును చెల్లించవచ్చును. స్వామి యచటనే యుండును.